మా బడి గోడపత్రిక, పల్చని పప్పు

కొత్తగా హైస్కూల్లో చేరి, మొదటి నెలలోనే "మీరు క్లబ్బుల ఇన్‌చార్జి" అన్న కాగితం చేతికి అందుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముందుగా నా సానుభూతి అందుకోండి. మీ మీద నమ్మకంతో ఆ కాగితం ఇచ్చారనుకోకండి. మీకంటే సీనియర్లందరూ అప్పటికే తప్పించుకున్నారు కాబట్టి ఇచ్చారు.

నేను రాజోలు చుట్టుపక్కల ఊళ్లలోనే సర్వీసంతా ఫిజికల్ సైన్స్ చెప్పి, ఈమధ్యే రిటైరయ్యాను. ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో చెప్పను. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నది నేను చేసిన ఒక తప్పు. అది పాఠం చెప్పేటప్పుడు చేసింది కాదు, క్లబ్బు నడిపేటప్పుడు చేసింది.

ఫొటో శనివారం

మా బడిలో క్లబ్బులు పదకొండు. ఎకో క్లబ్, సైన్స్ క్లబ్, గణిత క్లబ్, చదరంగం క్లబ్, సంగీతం క్లబ్, ఆరోగ్య క్లబ్... మిగతావి బోర్డు చూస్తేగాని నాకూ గుర్తొచ్చేవి కావు. చదరంగం క్లబ్బుకి బల్ల ఉంది, పావులు లేవు. సంగీతం క్లబ్బుకి హార్మోనియం ఉంది. అది హెడ్మాస్టారి గదిలో బీరువా మీద గుడ్డ కప్పుకుని పడుకునేది.

"పిల్లలు ముట్టుకుంటే పాడైపోద్దండి," అనేవారాయన.

ముట్టుకోకపోతే పాడవదు, నిజమే. పాడదు కూడా.

నెలాఖరు శనివారం మా క్లబ్బుల పండగ. పైకి ఫొటోలు పంపాలి. తల నున్నగా దువ్వుకొచ్చిన పన్నెండు మంది పిల్లల్ని ఏరి, ప్రహరీ పక్కన కొబ్బరిచెట్ల కింద నిలబెట్టి, ఎకో క్లబ్ బోర్డు పట్టించేవాళ్లం. ఒక ఫొటో. వాళ్లనే రెండడుగులు పక్కకి జరిపి గణిత క్లబ్ బోర్డు. ఇంకో ఫొటో. అరగంటలో పదకొండు క్లబ్బులూ చురుగ్గా పనిచేసేసేవి. ఒకసారి ఆరోగ్య క్లబ్ ఫొటోలో ఒక పిల్లాడు తుమ్ముతూ పడ్డాడు. ఇంకోటి తీస్తానంటే హెడ్మాస్టారు వద్దన్నారు.

"ఇదే పంపేయండి మేడం. సహజంగా ఉంది."

అంతకు ముందు నేను పనిచేసిన బడిలో హెడ్మాస్టారు క్లబ్బు పేరెత్తితేనే కళ్లెర్రజేసేవారు. "పదో తరగతి రిజల్టు మీరు తెస్తారా, మీ క్లబ్బు తెస్తాదా?" అని అందరిలో అడిగేవారు. అప్పట్లో ఆయన మీద నాకు కోపంగా ఉండేది. ఇప్పుడు లేదు. వద్దన్న మనిషితో వాదించొచ్చు. "ఆయ్, తప్పకుండానండి" అని నవ్వుతూ బోర్డు రాయించేసే మనిషితో ఏమని వాదిస్తాం?

ప్రాణమొచ్చిన క్లబ్బు

పదకొండింటిలో ఒకదానికి పొరపాటున ప్రాణం వచ్చింది. అది గోడపత్రిక క్లబ్. వరండా గోడకి తెల్ల చార్టు అంటించి, పిల్లలు రాసినవి దాని మీద అతికించాలి. మొదట్లో రెండు నెలలు "పరిశుభ్రత", "కాలం విలువ", మళ్లీ "పరిశుభ్రత" వచ్చాయి. అన్నీ గైడులోంచి దించినవే. వాటిని మనుషులెవరూ చదవలేదు. మేక ఒకటి వచ్చి "కాలం విలువ" సగం తినేసింది. ఆ పత్రికకి దొరికిన మొదటి పాఠకురాలు అదే.

ఆ తర్వాత తొమ్మిదో తరగతి వీరవేణి వచ్చింది. సన్నగా, కళ్లద్దాలతో, ఎప్పుడూ ఏదో కొరుకుతున్నట్టు పెదవి పంటి కింద పెట్టుకునే పిల్ల. వాళ్ల నాన్న కువైట్లో డ్రైవరు. తల్లీ కూతుళ్లే ఇక్కడ ఉండేవారు.

"మేడం గారండీ, ఇలాంటిది రాయొచ్చాండీ?" అని ఒక కాగితం చాపింది. పైన "ఈ వారం మా మధ్యాహ్న భోజనం" అని ఉంది.

"సోమవారం: పప్పులో ఈత పోటీలు జరిగాయి. మొదటి బహుమతి ఒక పప్పు బద్దకు వచ్చింది. రెండో బద్ద పోటీకి రాలేదు.

"బుధవారం: సాంబారులో ములక్కాడ ముక్క కనిపించిందని ఏడో తరగతి వారు అంటున్నారు. పుకార్లు నమ్మవద్దని మనవి.

"గురువారం: పప్పుచారు అనుకుని తిన్నాం. అది పప్పు అని తర్వాత తెలిసింది."

నేను పడీ పడీ నవ్వాను. అన్నేళ్లలో పిల్లల చేతి రాతలో నాకు దొరికిన మొదటి బతికున్న వాక్యాలు అవి. అక్కడికక్కడే "అనుమతించడమైనది" అని సంతకం పెట్టాను. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో అన్నంలో పప్పు కలుపుకుంటూ పైకి చదివి వినిపించాను. అందరూ నవ్వారు. తెలుగు మాస్టారికి పొలమారింది కూడా.

వారం వారం గోడ దగ్గర జనం పెరిగారు. ఆరో తరగతి పిల్లలు మునివేళ్ల మీద నిలబడి చదివేవారు. వెనకబడిన పిల్లలని మేం పేరు పెట్టినవాళ్లు కూడా కూడబలుక్కుని చదివేవారు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వంలో నాలుగో వారం ఒక వాక్యాన్ని కూడా దాటించేశాను:

"వంటావిడ గారి ఇల్లు కాలవ గట్టు మీద ఉంది. అందుకే ఆవిడకు నీళ్ల మీద అంత మమకారం."

నవ్వొచ్చింది. సంతకం పెట్టాను.

చదివి వినిపించమంది

ఆ వంటావిడ పేరు మంగాయమ్మ. పొద్దున తొమ్మిదికి వంటపాకలోకి వెళితే రెండు దాటాక బయటికొచ్చేది. పొయ్యి సెగకి మొహం ఎప్పుడూ కందిపోయి ఉండేది. నేను ఆవిడతో మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే "ఇంకొంచెం వెయ్యి", "చాలు చాలు", అంతే.

ఒక శుక్రవారం నేను లాబ్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో తడిగుడ్డ.

"మేడంగారండీ, నాకు చదువు రాదండి. గోడ మీద నా గురించి ఏదో రాసేరంటగా. చదివి ఇనిపిస్తారాండీ?"

"పిల్లలు సరదాకి రాసేరు మంగాయమ్మా. ఏం లేదు అందులో."

"సరదాదే ఇనిపించండి."

గోడ దగ్గరికి వెళ్లాం. ఈత పోటీ చదివాను. ములక్కాడ చదివాను. అంతవరకు తెగ నవ్వించిన వాక్యాలు నా నోట్లో ఒక్కసారి చప్పబడిపోయాయి. కాలవ గట్టు వాక్యం దగ్గరికొచ్చేసరికి దాటేసి, "అంతేనమ్మా" అన్నాను.

"ఇంకోటి ఉందంటండి. నా ఇంటి గురించి."

అదీ చదివాను. ఆవిడ తడిగుడ్డ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"పల్చగా ఉంటాదన్నది నిజమేనండి. అబద్ధం రాయలేదు పిల్ల. కానీ నేను వండినప్పుడు పల్చగా ఉండదండి. పన్నెండవకుండానే స్టీలు బకెట్టుతో చిక్కని పప్పు స్టాఫ్‌రూముకి తెమ్మంటారు హెడ్మాస్టారు. క్యారేజీ కూడా నింపమంటారు."

"ఏ క్యారేజీ?"

"ఆరి ఇంటికండి. మిగిలినదాన్లో నీళ్లు పొయ్యకపోతే ఆఖరి వరస పిల్లలకి గరిటెడు కూడా అందదండి. నాతోపాటు వండాల్సిన మనిషిని మీ అందరికీ టీలు పెట్టడానికి కూర్చోబెట్టేరు. నేనొక్కదాన్నే ఎంతకని చేస్తానండి?"

నేను ఫిజికల్ సైన్స్ టీచరుని. సాంద్రత పాఠం ఏటా చెప్పేదాన్ని. రోజూ భోజనం రుచి చూసి రిజిస్టరులో "బాగుంది" అని సంతకం పెట్టే డ్యూటీ కూడా ఆ ఏడాది నాదే. స్టాఫ్‌రూములో చిక్కని పప్పు తిని, "బాగుంది" అని నిజాయితీగానే రాశాను. అదే రోజు "పప్పులో ఈత పోటీలు" అన్న కాగితం మీద అదే పెన్నుతో, అంతే నిజాయితీగా సంతకం పెట్టాను. ఒకే గిన్నెలోంచి వచ్చిన పప్పు వరండా దాటేసరికి నీళ్లెలా అవుతుందని నెల రోజుల్లో ఒక్కసారి కూడా అడగలేదు. తొమ్మిదో తరగతి పిల్ల ప్రయోగం ఇలా రాసుకొస్తే సున్నా వేసి ఉండేదాన్ని.

"చైర్మన్ గారు ఆ గోడ కాగితాలకి ఫొటోలు తీసుకెళ్లేరండి," అంది మంగాయమ్మ వెళ్లబోతూ. "నన్ను మానిపించేస్తారంటండి. సోమవారం మీటింగంట."

మా తల్లిదండ్రుల కమిటీ చైర్మన్‌కి తెలిసినావిడ ఒకరు ఆ వంట పని కోసం ఎదురుచూస్తున్నారని ఊరంతటికీ తెలుసు. ఆయన కావాలనుకుని వెతికినా దొరకని సాక్ష్యం మా క్లబ్బు వారం వారం రంగు స్కెచ్ పెన్నులతో రాసి గోడకి అంటించింది.

హెడ్మాస్టారి దగ్గరికి వెళ్లాను. బకెట్టు సంగతి ఎత్తాను.

"మేడం, మీరూ అందులో తిన్నారు కదండీ," అన్నారాయన మెత్తగా. "ఎందుకొచ్చిన గొడవ చెప్పండి. మీ క్లబ్బుకి మంచి పేరొచ్చింది. ఆవిడ కాకపోతే ఇంకోరు వండుతారు. పప్పుకేం తెలుస్తాదండి, గరిటె ఎవరిదో?"

ఆయన్ని ఇన్నాళ్లూ తెలివితక్కువ మనిషి అనుకున్నందుకు ఆ క్షణంలో మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

సోమవారం మీటింగు

మీటింగు ఎనిమిదో తరగతి గదిలో పదకొండున్నరకి మొదలైంది. తల్లులే ఎక్కువ మంది వచ్చారు. మంగాయమ్మ పొయ్యి మీద గిన్నె వదిలి వచ్చి తలుపు పక్కన నిలబడింది. చైర్మన్ ముందు పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడారు. తర్వాత వీరవేణిని పిలిపించారు.

"ఇంత చిన్న పిల్ల, ఎంత ధైర్యంగా రాసిందో చూసేరా? చదువమ్మా, అందరూ ఇంటారు."

వీరవేణి చదివింది. ఈత పోటీ దగ్గర తల్లులు నవ్వారు. కాలవ గట్టు దగ్గర ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే వాళ్లలో సగం మంది ఇళ్లు ఆ గట్టు మీదే. పిల్ల గొంతు అక్కడ తడబడింది. తలెత్తి చూస్తే తలుపు దగ్గర మంగాయమ్మ కనబడింది.

నేను అప్పుడు లేచి ఉండాల్సింది. లేవలేదు. లేస్తే ఏం పోతుందో లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. ఇది దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి జ్ఞాపకాల్లో రిటైరైనవాళ్లందరూ సరైన సమయానికి లేచి నిలబడతారు.

"చూసేరాండీ!" అన్నారు చైర్మన్. "నువ్వు చెప్పమ్మా. రోజూ తింటున్నావు కదా ఆ పప్పు. ఎలా ఉంటాది?"

వీరవేణి పెదవి పంటి కింద పెట్టుకుంది.

"నేను తినలేదండి."

"ఏటీ?"

"నేను బాక్సు తెచ్చుకుంటానండి. మా అమ్మ పెడతాదండి. ఒక్కసారి కూడా తినలేదండి. మా బెంచీ అమ్మాయి చెబితే రాసేనండి."

బడి పరువు పోతోందనుకున్నారో ఏమో, హెడ్మాస్టారు చటుక్కున రిజిస్టరు తెరిచారు. "పిల్లల మాటకేంగానండి, మేం రోజూ రుచి చూస్తున్నాం. ఇదిగో, ‘బాగుంది’, ‘బాగుంది’... సైన్సు మేడం గారి సంతకాలు."

మొదటి వరసలో కొబ్బరి పీచు పనికి వెళ్లే ఒక తల్లి లేచి రిజిస్టరు చూసింది. తర్వాత గోడపత్రిక కాగితం చూసింది. తర్వాత నన్ను చూసింది.

"రెండు సంతకాలూ మేడం గారియ్యేనాండీ?"

"ఆయ్," అన్నాను.

"మరి పప్పు బాగుందాండీ, బాగోలేదాండీ?"

అప్పుడు లేచాను. తొమ్మిదో తరగతి పిల్ల నాకంటే ముందు నిజం చెప్పేసింది కాబట్టి నాకు మిగిలిన గొప్పేమీ లేదు. "నేను తిన్నది బాగుందండి. పిల్లలు తిన్నది బాగోలేదు. రెండూ మంగాయమ్మ వండిన ఒక్క గిన్నెలోవే. చిక్కనిది మేం ముందు తీసేసుకుంటున్నాం. నాకు శుక్రవారం తెలిసింది. అంతకు ముందు తెలుసుకోవాలని నేను అనుకోలేదు."

"మేడం కొంచెం ఆవేశపడుతున్నారండి," అన్నారు హెడ్మాస్టారు.

పీచు పనికెళ్లే ఆవిడ ఆయన మాట పట్టించుకోలేదు. "పదండే, చూసొద్దాం," అంది పక్కవాళ్లతో. తల్లులందరూ లేచారు. వంటపాకలో పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. స్టీలు బకెట్టు అప్పటికే నిండి, మూత పెట్టి, గుమ్మం దగ్గర స్టాఫ్‌రూము కోసం ఎదురుచూస్తోంది. పక్కన నాలుగు గిన్నెల క్యారేజీ. ఒక తల్లి మూత తీసింది. ఎవరూ పెద్దగా అరవలేదు. కోనసీమ మర్యాద మీకు తెలుసు కదా.

"ఈ క్యారేజీ ఎవరిదండీ?" అని చాలా గౌరవంగా అడిగారు. మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ హెడ్మాస్టారు అన్నం బెల్లు కొట్టమని ఎవరినో పిలిచారు.

పీచు పనికెళ్లే ఆవిడ బకెట్టెత్తి పెద్ద గిన్నెలో కుమ్మరించింది.

ఎలా తేలింది

మంగాయమ్మ ఉండిపోయింది. చైర్మన్ "నేను ముందునుంచీ అదే అంటున్నాను" అన్నారు. రెండో వంటావిడ టీ గ్లాసులు వదిలి వంటపాకకి వెళ్లింది. దాంతో మా స్టాఫ్‌రూములో టీ ఎవరు పెట్టాలన్న దాని మీద రెండు వారాలు జరిగిన చర్చని గోడపత్రికలో వేసి ఉంటే మేకలు కూడా నవ్వేవి. ముగ్గురు సహోద్యోగులు నాతో మాట్లాడడం మానేశారు. వాళ్ల బాధ పప్పు గురించి కాదు, నేను "మేం" అన్నందుకు. "నేను" అని ఉంటే సరిపోయేదట.

వీరవేణి మర్నాడు తనంతట తానే వంటపాకకి వెళ్లింది. నేను దూరం నుంచి చూశాను. "సారీ అండీ" అంది. మంగాయమ్మ తలెత్తలేదు. కంచం ఒకటి తీసి చేతిలో పెట్టింది.

"రాసేవు కదమ్మా. ఇప్పుడు తిను."

కసిరినట్టే అంది. పిల్ల వరసలో కూర్చుని తింది. ఆ వారమంతా బాక్సు తెచ్చుకోలేదు. నేనూ ఆ వరసలోనే చివర కూర్చోవడం మొదలుపెట్టాను. మోకాళ్లు నొప్పులు పుట్టేవి.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. పిల్లలు నవ్వించే వాక్యం రాస్తే ముందు మనసారా నవ్వండి. అలాంటివి ఏళ్లకొకటి వస్తాయి. నవ్వాక అడగండి, ఇది ఎవరికి తగులుతుంది, వాళ్లకి చదవడం వచ్చా అని. రాసిన పిల్ల తిన్నదా అని అడగండి. మీరు ఏ గిన్నెలోది తిన్నారో మిమ్మల్ని కూడా అడుక్కోండి. ఫొటో క్లబ్బులతో ఎవరికీ ప్రమాదం లేదు. నిజంగా నడిచే క్లబ్బు మాత్రం కత్తిపీటలాంటిది. దాని ముందు పిల్లల్ని కూర్చోబెట్టి మీరు టీ తాగడానికి వెళ్లకూడదు.

ఇక గోడపత్రిక. వారం తర్వాత హెడ్మాస్టారు కొత్త నియమం పెట్టారు. ఏది అంటించాలన్నా ఆయనే చూడాలి. పప్పు, కూర, గుడ్డు, నీళ్లు అన్న మాటలు కనబడితే కాగితం వెనక్కి వచ్చేది. మళ్లీ "పరిశుభ్రత" మొదలైంది. ఇక ఆ క్లబ్బు కూడా ఫొటోల్లోకి వెళ్లిపోతుందని నేను ఆశ వదిలేశాను.

అప్పుడు వీరవేణి ఒక కాగితం రాసి, నాకు చూపించకుండా నేరుగా ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన చదివి గట్టిగా నవ్వారు. ఆయన పైకి నవ్వడం అదే మొదటిసారి విన్నాను. నన్ను పిలిచి, "ఇదండీ మేడం, ఇలాంటివి రాయించాలి మీరు. పప్పున్నా పర్లేదు," అని సంతకం పెట్టి ఇచ్చారు.

మధ్యాహ్నం బెల్లు కొట్టాక గోడ దగ్గర గుంపు. నేను వెనక నిలబడి చదివాను.

"మా సైన్సు మేడం గారు సాంద్రత పాఠం చెప్పారు. సాంద్రత ఎక్కువగా ఉన్న పదార్థం అడుగుకు చేరుతుందట. మా బడి పప్పులో మాత్రం అది మేడం గారి కంచంలోకి చేరింది. ఈ సంగతి కనిపెట్టడానికి మేడం గారికి ఒక నెల పట్టింది. కనిపెట్టింది కూడా మంగాయమ్మ గారు."

పిల్లలు నవ్వారు, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వు ఆపేశారు, నేను నవ్వడం చూసి మళ్లీ మొదలెట్టారు. నాకు నవ్వు రావడానికి కొంచెం సమయం పట్టిన మాట నిజం.

వంటపాక వైపు నుంచి మంగాయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏం రాసేరని అడిగింది. ఆరో తరగతి పిల్ల ఒకర్తి వేలు పెట్టి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివి వినిపించింది. మంగాయమ్మ నా వైపు ఒకసారి చూసింది. తర్వాత పైట చెంగు నడుములో దోపుకుని, గోడకి ఆనుకుని తీరిగ్గా నిలబడింది.

"ఇంకోపాలి చదువమ్మా," అంది.